అద్దాలు మారితే కారులో మాట వినపడుతుందా? అకూస్టిక్ గ్లాస్ మీద మీ అభిప్రాయాలు చెప్పండి

వెనకసీటు
అందరికీ నమస్కారం. కొత్త కారు తీసుకుందామని చూస్తున్నాం. ఒకే మోడల్‌లో రెండు వేరియంట్లు నచ్చాయి. పై వేరియంట్‌లో ముందు అద్దం, ముందు తలుపుల అద్దాలు అకూస్టిక్ గ్లాస్, అంటే శబ్దాన్ని తగ్గించే అద్దాలు. కింది దాంట్లో ముందు అద్దం మామూలు లామినేటెడ్ (రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉండేది), తలుపులన్నిటికీ టెంపర్డ్ (పగిలితే పొడిగా రాలే ఒంటి గాజు). మిగతా తేడాలు మాకు పెద్దగా అక్కర్లేదు. ఈ అద్దాల కోసమే పైది తీసుకోవచ్చా అన్నది నా ప్రశ్న.

ఇంత పట్టింపు ఎందుకంటే, మా అమ్మకి రెండు చెవులకీ మిషన్లు ఉన్నాయి. ఇంట్లో కబుర్లు బాగానే చెబుతుంది. కారు వంద అందుకుందంటే ఇక మౌనమే. మొన్న "కాసేపు ఆగుదామా అమ్మా?" అని అడిగితే "సాగుదాం నాన్నా, సాగుదాం" అంది. నిజానికి ఆవిడకి కాళ్ళు పట్టేసి దిగాలని ఉందట. ఆ సంగతి నాకు గంట తర్వాత తెలిసింది. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

టైరుగీత
అద్దాల మీద డబ్బు పోయకండి. కారులో వచ్చే రొదలో ఎక్కువ భాగం కింద నుంచి వస్తుంది. టైరు రోడ్డును కొట్టిన అదురు సస్పెన్షన్ గుండా బాడీకెక్కి ఫ్లోరంతా మోగుతుంది. టైరు లోపలి గాలే ఒక డప్పులా 200 నుంచి 250 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) మధ్య గుమ్మంటుంది. అది అద్దంలోంచి వచ్చే శబ్దమే కాదు, అద్దం దాన్నెలా ఆపుతుంది? మంచి టైర్లు వేయించి గాలి సరిగ్గా పెట్టుకోండి, తేడా అప్పుడు తెలుస్తుంది.

ఇంకో మాట. యూరప్ టైరు లేబుల్ మీద డెసిబెల్ అంకె చూసి కొనేవాళ్ళున్నారు. అది 80 కిలోమీటర్ల వేగంతో బండి పక్కనుంచి పోతుంటే రోడ్డు పక్కన కొలిచిన శబ్దం. లోపల కూర్చున్నవాళ్ళ చెవికి ఎంత వస్తుందో అది చెప్పదు. ఆ అంకె తక్కువున్న టైరే మీ కారులో మోత పెట్టొచ్చు.

శబ్దలెక్క
టైరుగీత గారు చెప్పిన గుమ్మనే శబ్దం నిజమే. కానీ వెనకసీటు గారి ఇబ్బంది అది కాదు. 'ఆగుదామా'కీ 'సాగుదామా'కీ తేడా ఒక్క 'స' అక్షరం. స, శ, త, క లాంటి హల్లుల్ని పోల్చుకునే ఆనవాళ్ళు ఎక్కువగా 2000 హెర్ట్జ్ పైన ఉంటాయి. వినికిడి తగ్గినవాళ్ళకి ముందు జారిపోయేవి కూడా సాధారణంగా అవే. వేగంగా పోతున్నప్పుడు గాలి చేసే 'స్స్స్' కూడా సరిగ్గా ఆ మెట్టు మీదే కూర్చుంటుంది.

ఇప్పుడు అద్దం సంగతి. ఏ పలకైనా బరువు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ ఎక్కువ ఆపుతుంది. అయితే గాజుకి ఒక బలహీనత ఉంది. ఒకానొక ఫ్రీక్వెన్సీ దగ్గర బయటి శబ్దతరంగం, గాజులో వంపుగా పరిగెత్తే తరంగం ఒకే అడుగులో నడుస్తాయి. అక్కడ గాజు దాదాపు తలుపు తెరిచేస్తుంది. మిల్లీమీటర్లలో మందంతో 12,000ని భాగిస్తే ఆ చోటు సుమారుగా తెలుస్తుంది. 4 మిల్లీమీటర్ల టెంపర్డ్ అద్దానికి అది 3000 హెర్ట్జ్. మన చెవి చాలా చురుగ్గా వినేదీ, హల్లులు నిలబడేదీ ఆ చుట్టుపక్కలే.

అకూస్టిక్ గ్లాస్‌లో రెండు పల్చటి గాజుల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. దానికీ నడుమ మరింత మెత్తటి పొర పెడతారు. గాజు వంగబోతే ఆ మెత్తటి పొర అటూఇటూ జరిగి కంపనాన్ని వేడిగా మార్చేస్తుంది. మొత్తం బరువు ఒంటి గాజుకి దగ్గరదగ్గరే. పని చేసేది బరువు కాదు, ఆ పొర. 3000 దగ్గరున్న గుంట చాలావరకు పూడుతుంది. అందుకే మీ అమ్మగారి విషయంలో నా ఓటు అద్దానికే.

గాజుతలుపు
నేను కార్ల అద్దాలు బిగించే పనిలో ఉన్నాను. పై వేరియంట్ అని చెప్పిన మాట నమ్మి ఊరుకోకండి, మీ చేత్తో చూసుకోండి. తలుపు అద్దం సగం దించి పై అంచుని పక్కనుంచి చూడండి. టెంపర్డ్ అయితే ఒకటే ఆకుపచ్చ గాజు గీత. లామినేటెడ్ అయితే రెండు గాజు గీతలు, మధ్యలో వెంట్రుకంత పొర కనిపిస్తుంది. వేలి కణుపుతో కొట్టండి. టెంపర్డ్ 'టంగ్' అంటుంది, లామినేటెడ్ 'టప్' అని అక్కడే ఆగిపోతుంది. మూలన ముద్రలో చెవి బొమ్మో, అకూస్టిక్ అన్న మాటో ఉందేమో కూడా చూడండి.

అద్దానికి ఫిల్మ్ అతికిస్తే సౌండ్ తగ్గుతుందని అమ్మేవాళ్ళున్నారు. ఫిల్మ్ మందం మిల్లీమీటరులో పదో వంతు. చదరపు మీటరుకి 140 గ్రాముల చిల్లర. కింద గాజు 10 కిలోలు. 10 కిలోల మీద ఆ కాస్త బరువు పడితే చెవికి తెలిసేదేమీ ఉండదు. ఎండకి పనికొస్తుందేమో గానీ సౌండ్ కోసం వద్దు.

నా కారు సంగతి చెబుతాను, ఇప్పటికీ బాధే. రాయి తగిలి ముందు అద్దం పగిలింది. ఊళ్ళో లేనప్పుడు ఒక వర్క్‌షాపులో మార్పించుకున్నాను. తిరిగి వస్తుంటే ముందు అద్దానికి రెండు పక్కలా ఉండే స్తంభాల దగ్గర్నుంచి సొద. రబ్బరు సరిగ్గా కూర్చోలేదనుకున్నా. ఇంటికొచ్చి మూల చూస్తే చెవి బొమ్మ లేదు, మామూలు లామినేటెడ్ పెట్టేశారు. ఈ పనిలోనే ఉండి అడగకుండా వదిలేశాను. మీరు మాత్రం అద్దం మార్పించాల్సి వస్తే ఆ ఒక్క మాట ముందే అడగండి.

టైరుగీత
లెక్క నేనూ వేస్తాను. వంద వేగంలో గాలి హోరు 65 డెసిబెల్స్, రోడ్డు రొద 65 అనుకుందాం. రెండూ కలిస్తే 130 కాదు, 68. అద్దం గాలి హోరుని 4 తగ్గించి 61కి తెచ్చిందనుకోండి. మొత్తం 66.5. అంటే లాభం ఒకటిన్నర డెసిబెల్. అంత తేడాని మామూలు చెవి గుర్తుపట్టడమే కష్టం. శబ్దం సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 తగ్గాలి. అందుకే రెండో మూలాన్ని వదిలేసి ఒకదాని మీదే పడితే ఫలితం ఉండదంటున్నాను.

శబ్దలెక్క
మీ కూడిక సరైనదే, కూడిన వస్తువులు వేరు. 200 హెర్ట్జ్ రొదనీ 3000 హెర్ట్జ్ హోరునీ ఒకే గంపలో వేశారు. కింది గుమ్మనే శబ్దం మనిషిని అలసటపెడుతుంది, నిజమే. కానీ 'స' అక్షరాన్ని మింగేది ముఖ్యంగా దాని పక్కనే ఉన్న హోరు. మొత్తం అంకె ఒకటిన్నరే తగ్గినా ఆ ఒక్క మెట్టులో 4 తగ్గితే మాట బయటికొస్తుంది. పైగా ఫోన్ మీటర్లు సాధారణంగా ఏ-వెయిటింగ్‌లో, అంటే చెవి వినే తీరుకి సర్ది కొలుస్తాయి. 200 హెర్ట్జ్ శబ్దాన్ని సుమారు 11 తగ్గించి చూపిస్తాయి. ఒక్క అంకె పట్టుకుని అద్దాన్నీ టైరునీ పోల్చడం రెండిటికీ అన్యాయమే.

మీకు ఒక మాట మాత్రం ఒప్పుకుంటాను. సందు ఉంటే ఎంత మంచి అద్దమైనా చిల్లికుండే. తలుపు అద్దం 0.4 చదరపు మీటర్లు అనుకుంటే, 1 మిల్లీమీటరు వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు సందు అందులో వెయ్యో వంతు. అంత సందు చాలు, ఆ తలుపు ఎట్టి పరిస్థితిలోనూ 30 డెసిబెల్స్ మించి ఆపలేదు.

ఎర్రబండి
శబ్దం గురించే మాట్లాడుతున్నారు. నేను రెస్క్యూ పనిలో ఉన్నవాణ్ణి, ఇంకో వైపు చెప్పకుండా ఉండలేను. టెంపర్డ్ అద్దం మూలలో కొనదేలిన సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే పొడిపొడిగా రాలిపోతుంది. లామినేటెడ్ రాలదు. పగులుతుంది, పొరకి అంటుకుని అలాగే నిలబడుతుంది. 2019లో అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంస్థ అద్దాలు పగలగొట్టే ఆరు చేతి పరికరాల్ని పరీక్షించింది. నాలుగు టెంపర్డ్‌ని పగలగొట్టాయి. లామినేటెడ్‌ని దాటి పోయినది ఒక్కటీ లేదు. నీళ్ళలో పడినా మంటలంటుకున్నా చేతిలో ఉండేది కొద్దిసేపే. ఆ కొద్దిసేపూ పగలని అద్దాన్ని కొడుతూ పోగొట్టుకోకూడదు.

గాజుతలుపు
ఎర్రబండి గారూ, మీ మాట కొట్టిపారేయను. కానీ ఆ నిలబడే గుణమే పల్టీ కొట్టిన కారులోంచి మనిషి బయటికి విసిరేయబడకుండా కాపాడుతుంది. అమెరికాలో పక్క కిటికీల్లోంచి బయటపడటాన్ని తగ్గించాలని 2011లో ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 226 అనే వాహన భద్రతా నియమం తెచ్చారు. అది ముఖ్యంగా పక్క కిటికీల మీద తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగుల మీద నడిచినా, లామినేటెడ్ అద్దం అదే దిక్కున పనికొస్తుంది.

ఎర్రబండి
బెల్టు పెట్టుకున్న మనిషికి ఆ లాభం చాలా తక్కువ. నా భయం నాది. అయినా వద్దని చెప్పట్లేదు. వెనకసీటు గారు చెప్పిన వేరియంట్‌లో వెనక తలుపులు టెంపర్డే కదా. ఆ విషయం ఇంట్లో అందరికీ తెలియాలి. సుత్తి చేతికందేలా ఉంచండి, ఏ అద్దం పగులుతుందో చూపించి చెప్పండి. నీళ్ళలో పడితే వరస ఇది: బెల్టు తియ్యాలి, అద్దం వెంటనే దించాలి, పిల్లల్ని ముందు పంపాలి, తర్వాత మీరు. అద్దం ఇంకా పనిచేస్తుండగానే దించేస్తే సుత్తి అవసరమే రాదు.

చెవిమిషన్
నేను ఎనిమిదేళ్ళుగా మిషన్లు పెట్టుకుంటున్నాను. చాలా మిషన్లు రొదలో ముందు వైపు మాటనే పట్టుకుని వెనక నుంచి వచ్చేదాన్ని తగ్గిస్తాయి. భోజనాల బల్ల దగ్గర అది వరం. కారులో పక్కనుంచీ వెనకనుంచీ మాట్లాడేవాళ్ళ గొంతే కోతకి గురవుతుంది. ఆడియాలజిస్టుని (వినికిడి నిపుణుణ్ణి) అడిగితే కారు కోసం వేరే ప్రోగ్రామ్ పెట్టిస్తారు. ఇంకా మేలైనది రిమోట్ మైక్. డ్రైవర్ కాలరుకి తగిలిస్తే గొంతు నేరుగా మిషన్‌లోకి వస్తుంది. వేరియంట్ తేల్చుకునేలోపు ఇది చూడండి.

వెనకసీటు గారూ, అసలు మీ అమ్మగారు ఎక్కడ కూర్చుంటారు?

మెల్లగా80
గాలి హోరు వేగంతో చాలా నిటారుగా పెరుగుతుంది, దాదాపు ఆరో ఘాతంతో. 100 నుంచి 80కి దిగితే గాలి హోరు ఒక్కటే 6 డెసిబెల్స్ దాకా పడిపోతుంది, టైర్ల రొద కూడా 3 దాకా తగ్గుతుంది. వంద కిలోమీటర్లకి అదనంగా పట్టేది పావుగంట. అమ్మతో మాట్లాడటానికి ఆ పావుగంట ఇవ్వండి.

వెనకసీటు
చెవిమిషన్ గారి ప్రశ్న చదివి ఆగిపోయాను. అమ్మ కూర్చునేది వెనక ఎడమవైపు. పై వేరియంట్‌లో అకూస్టిక్ అద్దాలు ముందు తలుపులకి మాత్రమే. అంటే ఆవిడ చెవి పక్కన ఉండేది అదే టెంపర్డ్ అద్దం. ఇన్నాళ్ళు బ్రోచర్ చూస్తూ ఈ సంగతి నాకు తట్టలేదు.

శనివారం పాత కారుతోనే చూశాం. తమ్ముడు నడిపాడు, నేను అమ్మ సీట్లో కూర్చున్నాను. ఖాళీ రోడ్డు, అదే దిశ, అదే వంద. వెనక ఎడమ అద్దానికి లోపలి నుంచి బరువైన రబ్బరు ఫ్లోర్ మ్యాట్ నొక్కి పట్టుకుంటే 'స్స్స్' కొంత తగ్గింది. అంటే ఆ హోరు అద్దంలోంచి వస్తోందన్నది నిజమే. ఫ్లోర్‌లో గుమ్మనే శబ్దం మాత్రం ఇసుమంత కూడా కదల్లేదు, ఇక్కడ టైరుగీత గారు గెలిచారు. తర్వాత మ్యాట్ తీసేసి తలుపు చుట్టూ సందుల మీద బయట నుంచి పేపర్ టేపు వేశాం. మ్యాట్ కంటే ఎక్కువ తేడా దాంతోనే వచ్చింది. దిగి చూస్తే తలుపు పై మూలలో రబ్బరు జానెడు మేర లోపలికి మడత పడి ఉంది. ఆ మడతలో సన్నటి ఇసుక గట్టిగా అతుక్కుని ఉంది. వేలితో తీస్తే రబ్బరు మళ్ళీ లేవలేదు, చదునైపోయింది.

శబ్దలెక్క
ఇది చాలా మంచి పరీక్ష. రబ్బరు మార్పించి టేపు లేకుండా మళ్ళీ ఒకసారి చూడండి. సందు మూసుకున్నాక అద్దం వాటా ఇప్పటికన్నా పెద్దదిగా తెలుస్తుంది, ముందు దాన్ని సందు కప్పేసింది కాబట్టి.

టైరుగీత
వెనక సీటుకి పనికిరాని అద్దాల కోసం వేరియంట్ పెంచడం ఇప్పటికీ తప్పనే అంటాను. ఆ డబ్బుతో రబ్బర్లు, టైర్లు, రిమోట్ మైక్ మూడూ వస్తాయేమో చూసుకోండి.

గాజుతలుపు
అమ్మగారు ముందు సీట్లోకి వస్తే లెక్క మారుతుంది కదా టైరుగీత గారూ. ముందు స్తంభం, సైడ్ మిర్రర్ దగ్గర గాలి బాగా చెదిరేది ముందు తలుపు పక్కనే. అకూస్టిక్ అద్దం అక్కడ పెట్టేది అందుకే. పాత కారుకే తెచ్చి బిగిస్తానంటే మాత్రం నేనే వద్దంటాను. మందం తేడా వస్తే అద్దం జారే గాడిలో (ఛానల్‌లో) పట్టేస్తుంది, ఆ కారు కోసం చేసిన అద్దమే ఉండాలి.

వెనకసీటు
ఆదివారం అమ్మని ముందు కూర్చోబెట్టాను. రబ్బరు ఇంకా మార్చలేదు, టేపే ఉంది. 80లో వెళ్తూ గొంతు పెంచకుండా "ఆగుదామా?" అన్నాను. తల తిప్పకుండానే "ఆ చెట్టు కింద ఆపు" అంది. వందలో అడిగితే మళ్ళీ "ఆఁ?" అంది.

రెండు వేరియంట్లనీ అమ్మతోనే, ముందు సీట్లోనే, ఒకే రోడ్డు మీద వందలో నడిపి చూస్తాం. డీలరు ఒప్పుకున్నారు. అంచు చూస్తాను, కణుపుతో కొట్టి వింటాను. రిమోట్ మైక్ కోసం ఆడియాలజిస్టు దగ్గర బుధవారం టైమ్ తీసుకున్నాం. ఎర్రబండి గారూ, సుత్తి డ్రైవర్ తలుపులో పెట్టాలా, మధ్యలో పెట్టాలా?

ఎర్రబండి
మధ్యలో. బెల్టు పెట్టుకుని ఉండగానే అందాలి, ఇద్దరికీ అందాలి. తలుపు అరలో పెడితే గుద్దుకున్నప్పుడు ఎటో ఎగిరిపోతుంది, గట్టిగా బిగించండి. కళ్ళు మూసుకుని మీ అమ్మగారు కూడా దాన్ని ఒకసారి తీసి చూడాలి.