ముందు కాలు పోయిన మేకను ఉంచుకోవచ్చా? ఇలాంటి జీవాలను సాకినవాళ్లు చెప్పండి

దేవరకొండ_చెల్క
అడవి పందుల కోసం ఎవరో గట్టు మీద పెట్టిన వైరు ఉచ్చులో మా మేక పడింది. కుడి ముందు కాలికి వైరు కోసుకుపోయి కింది భాగం నల్లబడి, చల్లబడిపోయింది. డాక్టర్ సారు కాలు భుజం దాకా తీసేశారు. ఇప్పుడు గాయం మానింది. ఊళ్లో అందరూ కటికాయనకు ఇచ్చెయ్యమంటున్నారు. పాలు బాగా ఇచ్చే మేక, నాకు ఇవ్వబుద్ధి కావడం లేదు. కాలు పోయిన జంతువులు ఎట్లా నెట్టుకొస్తాయో చూసినవాళ్లు రాయండి. కుక్కయినా, ఎద్దయినా, కోడయినా సరే.

పాలమూరు_అక్క
ఇవ్వకు తమ్మీ. మా కుక్కకు జడ్చర్ల దగ్గర హైవే మీద బండి తగిలి వెనక కాలు పోయింది. ఆపరేషన్ అయిన మరునాడే లేచి వాకిట్లోకి పోయింది. ఏడ్చింది మేమే. దానికి కష్టమైంది ఇంట్లో టైల్స్ మీద, జారిపోయేది. గోనె పట్టాలు పరిచాక ఆ బాధ తప్పింది. మెల్లగా నడవడమే దానికి కష్టం, గెంతుతూ ఉరకడం తేలిక. మూత్రం పోసేటప్పుడు ఎటు ఒరగాలో కూడా అదే నేర్చుకుంది.

మిర్యాలగూడ_దవాఖాన
పశువుల దవాఖానలో పనిచేస్తాను. ఏ కాలు పోయిందో తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే. కుక్క నిలబడ్డప్పుడు దాదాపు 60 శాతం బరువు ముందు కాళ్ల మీదే ఉంటుంది. మేకకూ తల, మెడ వల్ల మొగ్గు ముందుకే. అందుకే వెనక కాలు పోయినది తొందరగా అలవాటు పడుతుంది, ముందు కాలు పోయినది అడుగడుగుకూ తల ఎగరేసి దించుతుంది. కొన్నాళ్లకు మిగిలిన ముందు కాలిని ఛాతీ మధ్యకు జరుపుకుని నిలబడుతుంది. మీ మేకను ఎదురుగా నిలబడి చూడండన్నా, అట్లా జరిగి ఉంటే అది మంచి గుర్తు.

ఇక ఆ ఒక్క కాలిని కాపాడుకోవాలి. గిట్టలు పెరగగానే కత్తిరించండి, ఒళ్లు రానివ్వకండి, కీలు వాచిందేమో రోజూ తడిమి చూడండి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించారా? ఇలాంటి గాయాల తర్వాత మేకలకు అది వచ్చే ప్రమాదముంది. భుజం దాకా తీశారని బాధపడకండి. మొండి మిగిలితే లేచేటప్పుడు దాన్నే నేలకు ఆనిస్తుంది, తోలు చిట్లి పుండవుతుంది.

అచ్చంపేట_ఎడ్లబండి
మాది ఎద్దు. వెనక కాలు విరిగి చీము పట్టింది, తీసేయక తప్పలేదు. పశువు ముందు మోకాళ్ల మీద ఆగి వెనక భాగాన్ని మొదట లేపుతుంది కదా, ఒక్క వెనక కాలితో అంత ఒళ్లు లేవలేదు. ఇసుక పోశాం, తాళ్లు వేసి లేపాం. ఒకే పక్క పడుకుని పుండ్లు పడ్డాయి, మిగిలిన కాలు వాచింది. దక్కలేదు. ఇప్పటికీ కొట్టంలో ఆ గుంజ వైపు చూడలేను. మేక తేలిక జీవం, మా ఎద్దును తలుచుకుని నువ్వు భయపడకు.

హాలియా_కోళ్లు
కోడి ఒంటి కాలితో గెంతుతుంది, కానీ బరువంతా పడి ఆ పాదం కింద గడ్డలాగా పుండు లేస్తుంది. మెత్తగా ఊక పోసి ఉంచాలి.

మిర్యాలగూడ_దవాఖాన
అచ్చంపేట అన్నా, మీరు చెప్పింది నిజం, పెద్ద పశువులకు సొంత బరువే శత్రువు. వాటికి కృత్రిమ కాలు పెట్టించే ఆలోచన ఉంటే కోయకముందే డాక్టరుతో మాట్లాడాలి. తొడగడానికి కాలు కొంతైనా మిగలాలి మరి. జైపూర్‌లో డాక్టర్ తపేష్ మాథుర్ ఆవులకు అట్లాంటి కాళ్లు చేసిపెడుతున్నారు. థాయిలాండ్‌లో మోషా అనే గున్న ఏనుగు 2006లో, ఏడు నెలల వయసులో, మందుపాతర మీద అడుగేసి ముందు కాలు పోగొట్టుకుంది. లాంపాంగ్‌లోని ఏనుగుల ఆసుపత్రిలో దానికి కాలు తయారుచేశారు. అది పెరిగేకొద్దీ కొత్తది చేస్తూనే వచ్చారు.

నకిరేకల్_టీచర్
మన పొలాల్లో ఎండ్రికాయలను చూడండి. కాలు కొంగకు చిక్కితే తనే తెంపుకుని పోతుంది. ఆ తెగే చోటు ముందే ఏర్పడి ఉంటుంది, వెంటనే మూసుకుంటుంది కాబట్టి రక్తం పెద్దగా పోదు. తర్వాత పెంకు విడిచినప్పుడు చిన్న కాలు బయటికొస్తుంది. రెక్కలొచ్చిన మిడత కూడా వెనక కాలు వదిలేస్తుంది, కానీ దానికి మళ్లీ రాదు, ఇక పెంకు మార్చదు కాబట్టి. కప్ప తోకతో ఉన్న తొలి దశలో పోయిన కాలును తిరిగి పెంచుకోగలదు, పెద్దయ్యాక ఆ శక్తి ఉండదు. మా పిల్లలకు ఈ పాఠం గట్టు మీదే చెప్తాను.

దేవరకొండ_చెల్క
అందరికీ దండాలు. ఇంజెక్షన్ వేశారు సార్. ఎదురుగా నిలబడి చూశాను, కాలు నిజంగానే మధ్యకు జరిగింది! ఒక్కటే టెన్షన్, మళ్లీ చూలు కట్టించొచ్చా?

మిర్యాలగూడ_దవాఖాన
కట్టించొచ్చు, తొందరపడకండి. పోతు ఎక్కినప్పుడు బరువు వెనక కాళ్ల మీద పడుతుంది, అవి రెండూ బాగున్నాయి. ఐదు నెలల చూలులో చివరి నెలన్నరే గడ్డుకాలం, పిల్ల పెరిగేది అప్పుడే. ఆ రోజుల్లో మందతో తోలకుండా దొడ్లోనే మేపండి. చెట్టుకు ముందు కాళ్లు ఆనించి ఆకు అందుకోవడం దానికిక కష్టం, సుబాబుల్, తుమ్మ కొమ్మలు మూతి ఎత్తులో కట్టండి. ఇబ్బంది అనిపిస్తే 1962కు ఫోన్ చేయండి, పశువుల అంబులెన్స్ వస్తుంది.

పాలమూరు_అక్క
వానాకాలం ఈగలు ముసురుతాయి, మానిన చోటు చిట్లిందేమో చూసుకో. పురుగు పడితే మా దగ్గర సీతాఫలం ఆకు నూరి పెడతారు. గింజల పొడి మాత్రం వాడొద్దు, కంట్లో పడితే ప్రమాదం.

దేవరకొండ_చెల్క
సరే అక్కా. ఈ ఏడు పోతు దగ్గరికి పోనివ్వను, వచ్చే ఏడు చూస్తాను. కటికాయనకు మేక లేదని చెప్పేశాను.