అప్‌డేట్: మా అమ్మాయి వీడ్కోలు సభ అయింది

పోయిన నెల అడిగాను కదా: ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒడియా మీడియం పదో తరగతి చదివే మా అమ్మాయి, వీడ్కోలు సభలో తెలుగులో మాట్లాడతానంటోంది, బాగుంటుందా అని. ఒడియాలో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి రమ్మని మీలో ఒకరన్నారు. అలాగే చేసింది.

ఎనిమిదో తరగతి దాకా బడి మధ్యాహ్న భోజనంలో కలిసి తిన్న డాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) గురించి ఒడియాలో చెబితే హాలంతా నవ్వులు. తర్వాత తెలుగులో, "మా అమ్మకి ఒడియా చదవడం రాదు. అయినా నా ప్రోగ్రెస్ కార్డు మొత్తం చూసి, కింద తెలుగులో సంతకం పెట్టేది" అంది. వెనక వరసలో నా పరిస్థితి అడక్కండి.

లెక్కల్లో ఫస్ట్ ప్రైజు వచ్చింది. సర్టిఫికెట్‌లో మాత్రం ఇంటిపేరునే పిల్ల పేరుగా రాసి, అసలు పేరును చివరికి తోశారు. ఇక్కడ మనవాళ్లకి ఈ తిప్పలు మామూలే. ప్రైజు కాగితం సరే, మెట్రిక్ (పదో తరగతి బోర్డు) సర్టిఫికెట్‌లో ఇలా పడితే? అది పుట్టిన తేదీకీ రుజువు కదా. టెన్షన్‌తో మర్నాడే వెళ్లి స్కూలు రిజిస్టర్ చూసొచ్చాను. అందులో సరిగ్గానే ఉంది.

స్నేహితులు మూడు లిపుల్లో సంతకాలు చేసిన యూనిఫాం చొక్కా ఇంకా దండెం మీదే ఉంది. ఉతకొద్దని నాకు ఆర్డరు.