గ్రానైట్ ట్రైలర్‌లో దూరం ఉంచే రాడార్: డ్రైవరు ఆపేస్తున్నాడు, ఏం చేయాలి?

చీమకుర్తి ట్రైలర్ యజమాని:
పదకొండేళ్లు నేనే స్టీరింగ్ పట్టాను, ఇప్పుడు రెండు ట్రైలర్లు ఉన్నాయి. చీమకుర్తి నుంచి చెన్నై పోర్టుకు గ్రానైట్ దిమ్మెలు తోలిస్తాను. కొత్త బండి మనం పెట్టిన వేగంతో వెళ్తూ, ముందు బండి దగ్గరపడితే తానే తగ్గుతుంది. మా డ్రైవరు ఒంగోలు దాటగానే దాన్ని ఆపేస్తున్నాడు. "ఖాళీ వదిలితే కారు దూరుతుంది, బండి తగ్గుతుంది. మళ్లీ వేగం అందుకోవడానికి డీజిల్ దండగ. ఇలా వెనక్కి వెనక్కి పోతుంటే చెన్నై ఎప్పుడు చేరతాం?" అంటాడు. మంచి పనివాడు, తొమ్మిదేళ్లలో బండికి ఒక్క గీత పడనివ్వలేదు. కానీ వెనక ఉన్నవి బస్తాలు కావు. గట్టిగా బ్రేకు పడి, గొలుసులు తెగి, దిమ్మె క్యాబిన్ మీదికి వచ్చిన బండిని నేను కళ్లారా చూశాను. అతని మాటలో నిజమెంత?

జర్మనీలో బ్రేకుల ఇంజనీరు:
లెక్క వేద్దాం. 60 కి.మీ. వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. ఒక కారు దూరితే మీ బండి 40 మీటర్లు వెనకబడిందనుకోండి, పోయేది రెండున్నర సెకన్లు. యాభై కార్లు దూరినా రెండు నిమిషాలే. డీజిల్ మాట కొంత నిజం. వేగం ఐదు కిలోమీటర్లు తగ్గించి పెడితే దూరిన కారు తొందరగా ముందుకు పోతుంది, బ్రేకు అవసరం తగ్గుతుంది.

ఎయిర్ బ్రేకులో పెడల్ తొక్కాక గాలి చివరి ఇరుసుకు చేరాలి, అంతసేపూ బండి పరుగెడుతూనే ఉంటుంది. ఇక్కడ ఆటోబాన్ (జర్మనీ హైవే) మీద 3.5 టన్నులు మించిన లారీ 50 కి.మీ. వేగం దాటితే 50 మీటర్ల దూరం ఉంచాలని చట్టం. 2016లో ఆరు కంపెనీల లారీలు వరుసలు కట్టి, దగ్గరదగ్గరగా నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌కు నడిచాయి. అవి వైర్‌లెస్‌తో కలిసి ఉన్నాయి కాబట్టి ముందు బండి బ్రేకు వేయగానే వెనకదానికి తెలిసేది. మీ రాడార్‌కు ముందు బండి నిజంగా తగ్గాకే తెలుస్తుంది. దూరం తగ్గించనివ్వకండి.

నెల్లూరు డ్రైవరు:
రాత్రిపూట దాన్నే నమ్ముకోవద్దు. చాలా రాడార్లు కదిలే బండిని పట్టినంత బాగా ఆగిన బండిని పట్టవు. హైవే మీద వెనక లైటు లేకుండా ఆగిన లారీలు మీకు తెలియనివి కావు. క్వారీ దుమ్ము రాడార్ మూత మీద పేరుకుంటుంది, రోజూ తుడిపించండి. ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఆలస్యమైతే అతని డబ్బులు కోస్తున్నారా?

చీమకుర్తి ట్రైలర్ యజమాని:
కోస్తున్నాను. ఈ ట్రిప్పు నుంచి ఆ కోత తీసేస్తున్నాను. గురువారం లోడుకు నేనూ పక్క సీట్లో వెళ్తాను. ఎన్ని కార్లు దూరాయో లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను.