బుడమేరు ముంపు చూశాక ఒక సందేహం: కొల్లేరు బాగుంటే బెజవాడకు ఏంటి లాభం?

సింగ్‌నగర్‌వాసి:

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లారగట్ల మంచం దిగితే అరికాళ్లకు నీళ్లు తగిలాయి. బాత్రూం పైపు లీకయిందేమో అనుకుని తలుపు తీస్తే వీధంతా నీళ్లే. అమ్మను పైవాటా వాళ్లింటికి చేర్చి, బియ్యం బస్తా, గ్యాస్ బండ మోసుకెళ్లి దిగేసరికి ఫ్రిజ్ పడిపోయి తేలుతోంది. వారం పైనే ఆ నీళ్ల మధ్య ఉన్నాం. హాలు గోడ మీద ఆ నీటి చారకు రెండుసార్లు రంగు వేయించాం, అయినా వానాకాలం వస్తే సరిగ్గా అదే ఎత్తులో చెమ్మ ఊరి పెచ్చులు లేస్తున్నాయి.

బుడమేరు గట్ల మీద ఇళ్లు కట్టేశారు, ఏరు ఇరుకైపోయింది అంటే నాకు అర్థమవుతుంది. కానీ ఈ మాట ఎక్కడ వచ్చినా ఎవరో ఒకరు "ముందు కొల్లేరును కాపాడండి" అంటున్నారు. కొల్లేరు ఎక్కడో కైకలూరు అవతల, మాకు దిగువన ఉంది. దిగువన ఉన్న సరస్సు పైన ఉన్న మా వీధిని ఎలా కాపాడుతుంది? పైగా అక్కడున్నవి చేపల చెరువులే కదా, వాటిలోనూ నీళ్లే కదా ఉండేది! పక్షుల కోసం అంతమంది పొట్ట కొట్టాలా? వాదన కోసం కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

కాలవగట్టు:

మా నాన్నగారు కాలవ మీద లస్కరుగా చేశారు, చిన్నప్పటి నుంచి ఈ నీళ్ల లెక్కలు వింటూ పెరిగాను కాబట్టి తెలిసింది చెబుతాను.

ముందు ఒక మాట. ఆ రోజు మీ వీధి మునగడానికి కొల్లేరు కారణం కాదు, అలా చెప్పేవాళ్లు తప్పు చెబుతున్నారు. పైన విపరీతమైన వాన పడింది, వెలగలేరు దగ్గర గేట్లు ఎత్తారు, బుడమేరు నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలవకు గండ్లు పడ్డాయి. ఆ కాలవ కలవాల్సిన కృష్ణ కూడా నిండుగా ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు వరద. అలాంటప్పుడు కాలవ నీళ్లను నది తీసుకోదు, వెనక్కే తంతుంది.

ఇక మిగిలిన దారి ఏది? బుడమేరు పాత దారే. ఎనికేపాడు యూటీలోంచి, అంటే కాలవ అడుగున ఏరు పోయే అండర్ టన్నెల్‌లోంచి దూరి కొల్లేరుకు పోవాలి. తమ్మిలేరు, రామిలేరు, గుండేరు కూడా అక్కడికే వస్తాయి. కృష్ణా, గోదావరి చెరో పక్క మేట వేసుకుంటూ పోతే మధ్యలో పళ్లెంలా మిగిలిన పల్లం కొల్లేరు. ఇన్ని ఏర్లు వచ్చి పడితే బయటికి పోయేది మాత్రం ఒక్క ఉప్పుటేరు, అదీ 60 కిలోమీటర్లు పోయి సముద్రంలో కలవాలి, వాలు చాలా తక్కువ, సముద్రం పోటు మీద ఉంటే ఇంకా నిదానం. అంటే వచ్చిన నీళ్లు వచ్చినట్టు పోలేవు. పోయేదాకా ఎక్కడో ఆగాలి, ఆ ఆగే చోటే కొల్లేరు.

చిన్న లెక్క చూడండి. 5వ కాంటూరు (సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) లోపల, అంటే 1999లో అభయారణ్యంగా ప్రకటించిన ప్రాంతం, 308 చదరపు కిలోమీటర్లు. అంత విస్తీర్ణంలో నీళ్లు ఒక్క అడుగు పెరిగితే సుమారు 3.3 టీఎంసీలు. 38 వేల క్యూసెక్కుల వరద ఒక రోజంతా పారితే వచ్చే నీళ్లవి! ఒక్క అడుగులో సర్దుకుంటాయి, ఎవరి ఇల్లూ మునగదు.

చేపల చెరువుల్లోనూ నీళ్లే కదా అన్నారు. అందరూ పొరబడేది ఇక్కడే. చెరువు ముందే నిండి ఉంటుంది, దానికి నిలువెత్తు గట్టు ఉంటుంది. ఆ గట్టు వేసిందే బయటి నీళ్లు లోపలికి రాకుండా, లోపలి చేప బయటికి పోకుండా. కాబట్టి పైనుంచి చూస్తే సరస్సులాగే కనిపిస్తుంది గానీ వరదకు అందులో చెంబెడు చోటు కూడా ఉండదు. ఇంకా ఆ గట్లు నీళ్లకు అడ్డం కూడా. గట్టుకు గట్టుకు మధ్య మిగిలిన సందుల్లో గుర్రపు డెక్క పేరుకుంటే నీళ్లు కదలవు. దిగువన కదలకపోతే పైన తీయవు.

లంక కుర్రోడు:

కాలవగట్టు గారు చెప్పిన లెక్క సరైనదే. కానీ మా వైపు మాట కూడా వినండి.

మా తాత తాటిదోనె మీద పోయి మావులు (చేపలు పట్టే బుట్టలు) పెట్టేవాడు. వాలుగ, జెల్ల, కొర్రమీను, ఇంగిలాయి, ఏది పడితే అది. 70ల్లో సొసైటీల పేరుతో చెరువులు తవ్వుకోమన్నారు, తర్వాత బొచ్చె, శీలావతి పెంచడం మొదలైంది, పెట్టుబడి పెట్టగలిగినవాళ్లు బయటి ఊళ్ల నుంచి వచ్చి లీజుకు తీసుకున్నారు. మా నాన్న సొంత వాటా ఉన్న చెరువులోనే తవుడు బస్తాలు మోసే కూలీ అయ్యాడు. 2006లో సరస్సులోని చెరువులు తీసేస్తామని సర్కారు పొక్లెయిన్లు వచ్చి గట్లు తెగ్గొట్టినప్పుడు మా చెరువులో పట్టుబడికి నెల కూడా లేదు. గండి దగ్గర చేప పొర్లిపోతుంటే నాన్న మోకాళ్ల నీళ్లలో నిలబడి చూస్తూ ఉన్నాడు, నాకు తొమ్మిదేళ్లు, ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. ఆ తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి, ఈసారి వేసింది మాలాంటివాళ్లు కాదు. సరస్సు హద్దు 5వ కాంటూరా, 3వ కాంటూరా అనే వాదన కొల్లేటి చాంతాడులా సాగుతూనే ఉంది.

కాబట్టి సరస్సును కాపాడాలి అంటే నేను కాదనను. కాపాడేటప్పుడు ముందు ఎవరి గట్టు తెగుతుంది అనేదే నా బాధ. దోనె మీద బతికేవాడికి సరస్సు బాగుంటేనే బువ్వ, వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే మా ఊరే కాపలా కాస్తుంది.

ఆటపాక దారి:

లంక కుర్రోడు తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నాది కైకలూరు పక్క ఊరు, నేను నీళ్ల సంగతి ఒకటే చెబుతాను.

మా అత్తగారు కాపురానికి వచ్చినప్పుడు కొల్లేటి నీళ్లే బిందెతో ముంచి, గుడ్డలో వడకట్టి తాగేవాళ్లట. ఇప్పుడు చుట్టూ ఎటు చూసినా నీళ్లే, నేను మాత్రం రోజూ 20 లీటర్ల టిన్ను కొంటున్నాను. చెరువుల్లోంచి మేత కుళ్లిన నీళ్లు, మందుల నీళ్లు వదులుతారు. ఎండాకాలం సరస్సులో మంచినీళ్లు తగ్గితే ఉప్పుటేరు మీదుగా ఉప్పు నీళ్లు పైకి ఎక్కుతాయి, సరస్సులోంచి కిందికి పారే మంచినీళ్లే కదా దాన్ని ఆపేది. మా బోరు నీళ్లతో పప్పు ఉడకదు, ఇత్తడి గిన్నె వారానికి పచ్చబడుతుంది.

పక్షుల గురించి అన్నారు కాబట్టి, ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెడతాయి. కొల్లేరును 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. కానీ ఊళ్లో మాకు వాటి లెక్క వేరే. నీళ్లలో చేప ఉంటేనే అవి ఆగుతాయి, కిక్కిస పొదలు ఉంటేనే చిన్న చేప బతుకుతుంది, ఆ కిక్కిసే మురికిని పట్టేసి నీటిని తేటపరుస్తుంది. పక్షి పొట్టా మనిషి పొట్టా వేరు కావు అక్కడ.

సింగ్‌నగర్‌వాసి:

చెరువు గట్టు సంగతి నాకు ఇంతవరకూ తట్టనే లేదు, నీళ్లు కనిపిస్తే సరస్సే అనుకున్నాను. లంక కుర్రోడు గారూ, పొట్ట కొట్టడం అని నేను తేలిగ్గా రాసేశాను, ఆ పొట్ట ఎవరిదో ఇప్పుడు తెలిసింది. మా వీధిలో వరద కమిటీ అని పదిమందిమి ఉన్నాం, ఇప్పటిదాకా మా అర్జీల్లో వెలగలేరు, గండ్లు తప్ప యూటీకి దిగువన ఏముందో ఒక్క ముక్క రాయలేదు. ఆదివారం ఇద్దరం బండి మీద ఎనికేపాడు నుంచి ఏరు వెంబడే కొల్లేటికోట దాకా వద్దామనుకుంటున్నాం. దారిలో ఎక్కడెక్కడ ఆగి చూడాలో చెబుతారా?

లంక కుర్రోడు:

రండి. పెద్దింట్లమ్మ గుడి దగ్గరికి పొద్దున్నే వచ్చేయండి, ఎండెక్కితే కష్టం. మా బాబాయి దోనె ఉంది, గట్ల మధ్య సందుల్లోకి తీసుకెళ్లి చూపిస్తాను. తాగడానికి నీళ్లు మాత్రం మీరే తెచ్చుకోండి.