కెనడా న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌లో పాపని బాక్స్ లక్రాస్‌లో చేరుస్తున్నాం, ఇంట్లో ఉన్న హాకీ సామాను సరిపోతుందా?

రాయల్‌సిటీ_అమ్మ

అందరికీ నమస్తే. మా పాపకి పదేళ్లు. స్కూల్లో లక్రాస్ కర్ర (చివర వల ఉండి, బంతిని పట్టి విసిరేది) చేతికిచ్చిన దగ్గర్నుంచి ఆ ఆటే కావాలంటోంది. బాక్స్ అంటే ఐస్ తీసేసిన హాకీ అరీనాలో ఆడే రకమట. వచ్చే సీజన్‌కి ఇక్కడి మైనర్ (పిల్లల) క్లబ్‌లో పేరు రాయిద్దామనుకుంటున్నాం. వాళ్ల అన్నయ్య హాకీ సామానంతా ఇంట్లోనే ఉంది: హెల్మెట్, గ్లవ్స్, షోల్డర్ ప్యాడ్స్, ఎల్బో ప్యాడ్స్, షిన్ ప్యాడ్స్. వీటిలో ఏవి పనికొస్తాయి, ఏవి కొనాలి? కర్ర ఎలాంటిది తీసుకోవాలి? వెనకనుంచి కర్రతో నెడతారని విన్నాను, భయంగా ఉంది. ఇంకో సంగతి, ఫారంలో తల్లిదండ్రులు వాలంటీర్ పని చేయాలని రాశారు. ఆట గురించి నాకు ఓనమాలు రావు. ఏం చేయమంటారో ఏమో! జూన్, జులైల్లో ఇండియా టికెట్లు తీసుకుంటే ఇబ్బందా?

మెష్_మేస్త్రి

ముందు సామాను సంగతి చెప్తానండీ, చాలామంది పొరపాటు పడేది అక్కడే.

హెల్మెట్: హాకీ హెల్మెట్ పనికొస్తుంది, దాని ముందున్న కేజ్ మాత్రం తీసేసి లక్రాస్ మాస్క్ పెట్టించండి. మాస్క్ విడిగా దొరుకుతుంది. నుదుటి దగ్గర 2 స్క్రూలు, పక్కల క్లిప్పులు, అంతే. స్క్రూ బిగుసుకోగానే ఆపేయాలి. ఇంకో చుట్టు తిప్పితే షెల్ దగ్గర పగులు వస్తుంది, పగిలిన హెల్మెట్ ఇక పారేయడమే. హెల్మెట్ మీదా మాస్క్ మీదా సీఎస్ఏ (కెనడా ప్రమాణాల సంస్థ) స్టిక్కర్ ఉండాలి. పిల్లలు ఆ స్టిక్కర్ పీకేసి బొమ్మలు అంటిస్తారు, చూసుకోండి. పాత హెల్మెట్ అయితే లోపలి ఫోమ్ వేలితో నొక్కండి. రాయిలా గట్టిపడినా, పొడిలా రాలినా వద్దు.

గ్లవ్స్: మొదటి సీజన్‌కి హాకీవి నడుస్తాయి. కానీ వాటి బొటనవేలు బిరుసుగా ఉంటుంది, కర్ర తిప్పడం కష్టం. డబ్బులు ఎక్కడైనా పెట్టాలనుకుంటే లక్రాస్ గ్లవ్స్ మీద పెట్టండి. పట్టు బాగుంటుందని అరచేతి వైపు తోలు కత్తిరించుకునే పెద్దపిల్లల్ని చూసి మీ పాప కూడా కత్తెర తీస్తే ఆపండి. అది నియమాలకి విరుద్ధం.

చేతులు: హాకీ ఎల్బో ప్యాడ్ మోచేతినే కప్పుతుంది. ఈ ఆటలో కర్ర దెబ్బలు ముంజేతి మీదా భుజం కింద కండ మీదా పడతాయి. అందుకే ముంజేతికి స్లాష్ గార్డ్స్, కండకి బైసెప్ ప్యాడ్స్ కావాలి. అన్నీ వేశాక చేయి మడిచి చూడండి. గ్లవ్‌కీ ప్యాడ్‌కీ మధ్య చర్మం కనపడిందంటే దెబ్బ సరిగ్గా అక్కడే తగులుతుంది.

నడుము: హాకీలో లేనిది, ఇక్కడ తప్పనిసరి అయినది ఇదే. హాకీ షోల్డర్ ప్యాడ్స్ పక్కటెముకల దగ్గర ఆగిపోతాయి. మీరు విన్న ఆ నెట్టుడు, అదే క్రాస్‌చెక్, వీపు కింది భాగంలో, మూత్రపిండాల మీదుగా పడుతుంది. అందుకే రిబ్ ప్యాడ్స్ అని విడిగా ఉంటాయి, భుజాల మీదుగా పట్టీలతో వేలాడతాయి. పెరిగే పిల్ల కదా అని పెద్ద సైజు కొనకండి. పరుగెత్తేటప్పుడు అది పైకి జారి నడుము ఖాళీగా ఉండిపోతుంది. వంగి నేల ముట్టుకున్నప్పుడు కూడా నడుము మూసి ఉంటే అదీ సరైన సైజు.

షిన్ ప్యాడ్స్, హాకీ ప్యాంట్లు అటకెక్కించండి, ఇక్కడ నిక్కరే. జిల్ (అమ్మాయిల పొత్తికడుపు కింది భాగానికి రక్షణ), మౌత్‌గార్డ్ కొత్తవే కొనాలి. మౌత్‌గార్డ్‌ని వేడినీళ్లలో ముంచి పళ్లకి అచ్చు వేయించండి. వదులుగా ఉంటే పిల్లలు నములుతూ కూర్చుంటారు, నెల తిరక్కుండా చిరిగిపోతుంది. బూట్లు రన్నింగువి కాకుండా బాస్కెట్‌బాల్, వాలీబాల్ రకం తీసుకోండి. ఐస్ తీసేసిన కాంక్రీటు మీద పక్కలకి తిరగాలి మరి. ఆ కాంక్రీటు దుమ్ము అడుగున పట్టేసి జారుతుంది. సంచిలో ఒక తడిగుడ్డ ఉంచి, బెంచీ మీద కూర్చున్నప్పుడల్లా బూటు అడుగు తుడవమనండి.

ఫ్రేజర్_గట్టు

సామాను పాతది వెతుక్కోండి. ప్లే ఇట్ అగైన్ స్పోర్ట్స్ లాంటి దుకాణాల్లో దొరుకుతుంది, చాలా క్లబ్బుల్లో సీజన్ మొదట్లో మార్పిడి కూడా పెడతారు. ఆ వయసులో గోలీ (గోల్‌కీపర్) సామాను మామూలుగా క్లబ్బే ఇస్తుంది, అది మాత్రం కొనకండి. ఫీజు భారమనుకుంటే పిల్లల ఆటల ఖర్చుకి సాయం చేసే కిడ్‌స్పోర్ట్, జంప్‌స్టార్ట్‌లకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అయితే ఎప్పటిలోగా పెట్టాలో ముందే కనుక్కోండి.

సీజన్: పేర్లు చలికాలంలోనే తీసుకుంటారు. ఆటలు ఏప్రిల్ నుంచి జూన్ చివరిదాకా, ప్రొవిన్షియల్స్ (రాష్ట్రస్థాయి పోటీలు) జులైలో. మొదటి ఏడాది పిల్లకి ప్రొవిన్షియల్స్ బెంగ అక్కర్లేదు కాబట్టి బడి మూసేశాక జులై టికెట్లు తీసుకోండి. జూన్ మధ్యలో మాత్రం వెళ్లకండి. జట్టులో 12, 13 మందే ఉంటే ఒక్కరు లేకపోయినా మిగతావాళ్లు అలసిపోతారు. ఏ సంగతైనా కోచ్‌కి ఏప్రిల్‌లోనే చెప్పేయండి.

క్రీజ్_బయట

మేస్త్రి గారు కర్ర సంగతి వదిలేశారు. అమ్మాయి అనగానే దుకాణంలో ఆడవాళ్ల ఫీల్డ్ లక్రాస్ (బయట గడ్డి మైదానంలో ఆడే రకం) కర్ర చేతిలో పెడతారు. తీసుకోవద్దు! దాని వల లోతు లేకుండా బిగుతుగా ఉంటుంది, బాక్స్‌లో ఒక్క దెబ్బ తగిలితే బంతి బయటపడుతుంది. అమ్మాయిలైనా అబ్బాయిలైనా బాక్స్‌కి లోతైన వల ఉన్న మామూలు కర్రే.

పొడవు: కర్ర అడుగు నేలకి ఆనించి, తల (వల ఉన్న కొస) పైకి పెట్టి నిలబెడితే చంక దాకా రావాలి. దుకాణంలో దొరికే అల్యూమినియం కర్ర పదేళ్ల పిల్లకి పొడవే. అడుగు వైపు ఇనుము కోసే రంపంతో కోసుకోవచ్చు, కాకపోతే అంగుళం చొప్పునే కోయండి, కోసింది మళ్లీ అతకదు. కనీస పొడవెంతో ముందు కోచ్‌ని అడగండి, వయసుని బట్టి మారుతుంది. కోసిన చోట ఆకురాయితో నునుపు చేసి రబ్బరు మూత పెట్టి టేపు చుట్టాలి. గొట్టం నోరు తెరిచి ఉంటే రెఫరీ ఆడనివ్వడు.

వల: మొదట్లో మెత్తని మెష్ తీసుకోండి. గట్టిది అచ్చు పడేసరికి సీజన్ అయిపోతుంది. బంతి వేసి రాత్రంతా నొక్కి కట్టి ఉంచితే గుంత పడుతుంది. కర్ర తిరగేస్తే బంతి దానంతట అదే కింద పడాలి, ఇరుక్కుంటే అది నియమాలకి విరుద్ధం. విసిరిన ప్రతి బంతీ ముందు నేలకి కొడుతోందంటే గుంత లోతెక్కువైంది, లేదా పైనున్న అడ్డ తాళ్లు బిగుసుకున్నాయి. అడ్డ తాళ్లు కొంచెం వదులు చేయండి. బంతి తల మీదుగా ఎగిరిపోతోందంటే వల తప్పు కాదు, పిల్ల తొందరగా వదులుతోంది.

చేతివాటం: ఫీల్డ్ లక్రాస్‌లోలా రెండు చేతులూ మార్చి ఆడటం ఇక్కడ తక్కువ. ఒక వైపు ఎంచుకుని దాన్నే పదును పెడతారు. మన పిల్లలు క్రికెట్ బ్యాట్ పట్టుకుంటారుగా, కుడిచేతి బ్యాటింగ్ పట్టే కుడిచేతి లక్రాస్ పట్టు కూడా: ఎడమ చేయి అడుగున, కుడి చేయి తల వైపు. కుడిచేతి వాళ్లు గోల్‌కి ఎదురుగా నిలబడినప్పుడు ఎడమ వైపు ఆడతారు, కర్ర మైదానం మధ్యకి ఉంటుంది కాబట్టి గోల్ పూర్తిగా కనపడుతుంది. ఎడమచేతి పిల్ల అయితే బలవంతంగా మార్చకండి, జట్లలో వాళ్లకి కొరత.

ఇంటి దగ్గర సాధన గోడతోనే. 3, 4 మీటర్ల దూరంలో నిలబడి, గోడ మీద తలెత్తున సుద్దతో గీసిన గుండ్రానికి కొట్టాలి. అసలు రబ్బరు బంతితోనే, 140 నుంచి 150 గ్రాముల బరువుంటుంది. టెన్నిస్ బంతి తేలిక, వలలోంచి ఎగిరిపోతుంది, దానితో పట్టడం రాదు. వాడగా వాడగా రబ్బరు నున్నబడి నూనె రాసినట్టు మెరుస్తుంది, అప్పుడది వలలో జారుతుంది. అలాంటి బంతి పక్కన పెట్టేయండి, లేదంటే లేని తప్పుల్ని పిల్ల చేతిలో వెతుకుతారు.

రాయల్‌సిటీ_అమ్మ

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్సండీ. నా భయం సంగతి ఎవరూ చెప్పలేదు, వాలంటీర్ పని సంగతి కూడా.

మెష్_మేస్త్రి

చిన్న వయసుల్లో తాకిడికి హద్దులుంటాయి. మీ పాప వయసులో ఎంతవరకు అనుమతిస్తారో కోచ్ మొదటి మీటింగ్‌లోనే చెప్తాడు, చెప్పకపోతే అడగండి. పెద్ద దెబ్బలు తగిలేది ఎక్కువగా బోర్డుల (మైదానం చుట్టూ ఉండే గోడ) దగ్గర. బంతి బోర్డు పక్కన పడి ఉంటే పిల్లలు దానికి ముఖం పెట్టి, ఒక అడుగు దూరంలో ఆగి, చీపురుతో ఊడ్చినట్టు బంతిని వెనక్కి లాగుతారు. వెనకనుంచి వచ్చేవాడికి ఆగే వీలుండదు. వెనకనుంచి బోర్డులోకి నెడితే పెద్ద పెనాల్టీయే, కానీ పెనాల్టీ వేస్తే పన్ను తిరిగి రాదుగా. అందుకని రెండు నేర్పించండి. బోర్డు దగ్గరికి భుజం పక్కగా పెట్టి వెళ్లాలి. మోకాళ్లు వంచి, రెండు చేతులతో కర్ర అడుగు కిందికి దించి, ఆగకుండా బంతిని ఎత్తుకుంటూ పోవాలి. ఆగితేనే తగిలేది.

నిమిషాల_లెక్క

వాలంటీర్ పని గురించి నేను చెప్తా. సొంత మైదానంలో ఆడే జట్టు బల్ల దగ్గరికి మనుషుల్ని ఇవ్వాలి: స్కోర్ షీట్ రాసేవారు, టైమ్ నడిపేవారు, షాట్ క్లాక్ నొక్కేవారు. పెనాల్టీ బాక్స్ తలుపు దగ్గర కూడా ఒకరు. కొత్తవాళ్లని షాట్ క్లాక్ దగ్గర కూర్చోబెడతారు, తేలిక అనుకుని. అసలు కష్టమైనది అదే.

బంతి ఒక జట్టు అదుపులోకి రాగానే 30 సెకన్లు మొదలు. ఈలోగా గోల్ మీదికి కొట్టాలి. బంతి ప్రత్యర్థి అదుపులోకి వెళ్తే మళ్లీ 30. కొట్టిన బంతి గోలీకో గోల్ ఇనుప చట్రానికో తగిలి, కొట్టిన జట్టుకే తిరిగొస్తే కూడా 30. బోర్డుకి తగిలినా, గోల్ పక్కనుంచి పోయినా, డిఫెండర్ కాలికి తగిలి పక్కకి పోయినా పాత లెక్కే నడవాలి. కొత్తవాళ్లు చేసే తప్పు ఒక్కటే: బంతి గాల్లో ఉండగానే నొక్కేయడం. గోలీకి తగిలిందా లేదా చూసి, ఎవరికి చిక్కిందో చూసి, అప్పుడు నొక్కాలి. నేల మీద దొర్లుతున్న బంతి ఎవరిదీ కాదు, కర్ర తాకినంత మాత్రాన అదుపు కాదు. అనుమానం వస్తే నొక్కకుండా రెఫరీ చేయి చూడండి. ఇంకోటి, బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ మీ అమ్మాయి గోల్ కొట్టినా చప్పట్లు కొట్టకూడదు. ఇది నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది!

ఫ్రేజర్_గట్టు

పై లెక్కంతా కళ్లతో చూడాలంటే మన ఊరి పెద్దల జట్టు సాల్మన్‌బెల్లీస్ ఆటకి వెళ్లండి. 1888 నాటి క్లబ్బు. సాల్మన్ చేపలు తినే ఊరివాళ్లని వాంకూవర్ వాళ్లు వెక్కిరిస్తూ పెట్టిన పేరునే వీళ్లు జట్టు పేరు చేసుకున్నారు. 1908లో మాంట్రియల్ వెళ్లి మింటో కప్ గెలిచారు, మాన్ కప్‌లు 20కి పైనే (రెండూ కెనడా జాతీయ పోటీల కప్పులే). సొంత మైదానం క్వీన్స్ పార్క్ అరీనా, ఎండాకాలంలో ఆటలు ఆనవాయితీగా గురువారం రాత్రులు. అక్కడి నేల చెక్కది. బంతి ఎగిరే తీరు కాంక్రీటు మీదలా ఉండదు, మోకాళ్లకీ హాయి. పాపని పై వరుసల్లో కూర్చోబెట్టండి, బంతి వెంట కాకుండా బెంచీ తలుపుల వైపు చూడమనండి. గోల్ కొట్టే దళం ఒక తలుపులోంచి లోపలికి పోతుంటే కాపాడే దళం ఇంకో తలుపులోంచి దూకుతుంది. ఎవరు ఎప్పుడు పరుగు ఆపి బయటికి పోవాలో మైదానంలో ఉండి చూస్తే అర్థం కాదు, పైనుంచి ఇట్టే తెలిసిపోతుంది.

క్రీజ్_బయట

వర్షం రోజున కొలంబియా వీధిలో ఆన్విల్ సెంటర్‌కి వెళ్లండి, కెనడియన్ లక్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్ అక్కడే, న్యూ వెస్ట్‌మిన్‌స్టర్ స్కైట్రైన్ స్టేషన్‌కి పక్కనే. పాత చెక్క కర్రలు చూడొచ్చు. ఈ ఆట హోడెనోషోనీ తదితర ఆదివాసీ జాతులది, వాళ్లకి ఇది పూజతో సమానం. బాక్స్ రూపం 1930ల నాటిది, ఎండాకాలంలో ఖాళీగా పడి ఉన్న హాకీ అరీనాలని నింపడానికి పెట్టారు. మీ పాప జట్టులో ఆదివాసీ పిల్లలుంటే వాళ్ల ఇళ్లలో ఆట నాలుగు తరాలదై ఉండొచ్చు. కర్ర పట్టడం గురించి మా అందరికన్నా వాళ్ల తాతల్ని అడగడం మేలు.

మరిచిపోయా, కర్ర తల స్క్రూ ప్రతి ఆటకి ముందు ఒకసారి బిగించండి. ఆట మధ్యలో తల ఊడి ఎగిరితే బంతి పోయినట్టే. సంచిలో ఒక స్క్రూడ్రైవర్, రెండు విడి స్క్రూలు.