"పోంచు పిలాతు అధికారమునకు లోనై, పాటుబడి": ఈ మాటలకు అర్థమేమిటి?

ప్రశ్న: ఆదివారం పూజలో విశ్వాస సంగ్రహం (మన విశ్వాసాన్ని క్లుప్తంగా చెప్పే జపం) చెప్పేటప్పుడు మా విచారణలో (మా గుడి పరిధిలో) ఈ మాటలు వస్తాయి. పాటుపడటమంటే కష్టపడి పనిచేయడం కదండీ, పిలాతు దగ్గర యేసు చేసిన పనేమిటి? అసలు జపంలో కన్య మరియమ్మ పేరు తర్వాత వెంటనే ఆ పిలాతు పేరెందుకు? మా పిల్లలైతే "పొంచి పిలాతు" అంటున్నారు!

జవాబు: ముందు "పాటుబడి" సంగతి చూద్దామండీ. "ఊరి మేలుకు పాటుపడ్డాడు" అనే అర్థమే ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది. కానీ "నానా పాట్లు పడ్డాడు" అన్నప్పుడు మనం చెప్పేది బాధ గురించే. జపంలో ఉన్నదీ ఆ అర్థమే. లాటిన్ పాఠంలో ఇక్కడ ఉండే "పాస్సుస్" అన్నా బాధననుభవించి అనే. తమిళ కతోలికుల జపంలో సరిగ్గా ఇదే చోట "పాడుపట్టు" అని వస్తుంది. 18వ శతాబ్దంలో రాయలసీమకు వచ్చిన ఫ్రెంచి యేసుసభ (జెస్యూట్) గురువులకు పాండిచ్చేరి కేంద్రం కాబట్టి, ఈ పోలిక చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. క్రైస్తవ సంఘాన్ని మనం పిలిచే "తిరుసభ"లోని తిరు కూడా తమిళమే, మన తిరుపతిలో ఉన్నదే. పోంచు కూడా అటునుంచి వచ్చినట్టే ఉంది: తమిళ జపంలో "పోంజు పిలాత్తు" అని ఉంటుంది. తెలుగు బైబిల్లో మాత్రం పొంతి పిలాతు (1 తిమోతి 6:13). పిల్లల "పొంచి"ని దిద్దండి గానీ, మరీ కోప్పడకండి.

ఇక పిలాతు పేరెందుకంటారా? మన శాసనాల్లో ఫలానా రాజు "పృథివీరాజ్యంబు సేయుచుండగా" అని ఉంటుంది చూడండి, ఇదీ అలాంటిదే. పిలాతు సుమారు క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయను ఏలిన రోమా అధికారి. లాటిన్‌లో "సుబ్ పోన్సియో పిలాతో" అంటే అతని ఏలుబడిలో అని. అందులో కాలమూ తెలుస్తుంది, అతని అధికారం కింద అన్న అర్థమూ ఉంది. తెలుగు పాఠం "అధికారమునకు లోనై" అంటూ రెండోదాన్నే గట్టిగా పట్టుకుంది. శిక్ష వేసింది అతనే కాబట్టి తప్పేమీ లేదు, కానీ కాలం సూచన వినేవాళ్లకు అందదు. నాకైతే "పిలాతు ఏలుబడిలో" అని ఉంటే రెండూ కలిసొచ్చేవనిపిస్తుంది. అలాగని నోటికొచ్చిన జపాన్ని ఇప్పుడు మార్చమనడం లేదు లెండి.

ఆ కాలం సూచన ఊరికే పెట్టింది కాదు. క్రీస్తుకు నిజమైన దేహం లేదని, బాధపడినట్టు కనిపించాడంతేనని తొలి శతాబ్దాల్లో కొందరు బోధించారు. వాళ్లకు జవాబుగా అంతియొకయ మేత్రాణులు (బిషప్పు) పునీత ఇగ్నాసియు 2వ శతాబ్దం మొదట్లోనే తన లేఖల్లో "పొంతి పిలాతు కాలంలో నిజంగా" సిలువ వేయబడ్డాడని నొక్కి రాశారు. అంటే ఇది ఎప్పుడో ఎక్కడో జరిగిన కథ కాదు, ఫలానా అధికారి హయాంలో జరిగిందని. 1961లో కైసరయలో పిలాతు పేరు చెక్కిన రాతిపలక కూడా దొరికింది.

మరో సభ్యురాలు: మరి పెద్ద విశ్వాస ప్రమాణంలో? నీసియా సభదని చెబుతారే, అందులోనూ పిలాతు ఉన్నాడు కదా?

జవాబు: ఉన్నాడమ్మా, కానీ 325లో నీసియాలో కూడిన మేత్రాణుల సభ రాసిన పాఠంలో లేడు. అక్కడ "బాధననుభవించి, మూడవనాడు లేచెను" అని మాత్రమే ఉంది. సిలువ, పిలాతు పేరు, సమాధి, ఈ మూడూ 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభదిగా చెప్పే పాఠంలో కనిపిస్తాయి. పూజలో మనం చెప్పే పెద్ద ప్రమాణానికి మూలం అదే. పేరు మాత్రం నీసియాకే నిలిచిపోయింది.