ఊళ్ళో అమ్మానాన్నల ఇంటికి కెమెరాలు: వైఫైవా, వైరింగ్ చేసినవా?

మల్లెపందిరి:
మా అమ్మానాన్న జగిత్యాల దగ్గర ఊళ్ళో ఉంటారు. ఇండిపెండెంట్ ఇల్లు. గేటు నుంచి వరండా దాకా ఓ ముప్పై అడుగులు, పక్కన బండి పెట్టే సందు, వెనక పెరట్లో బోరు మోటారు. నేను బెంగళూరులో, తమ్ముడు డాలస్‌లో. మొన్న మా వీధిలోనే తాళం వేసిన ఇంట్లో దొంగలు పడ్డారు. అప్పటినుంచి అమ్మకు నిద్ర లేదు, మాకు టెన్షన్.

తమ్ముడేమో నాలుగు వైఫై కెమెరాలు ఆన్‌లైన్‌లో కొని, మెమరీ కార్డులు వేసి యాప్‌లో చూసుకుందాం అంటాడు. టౌన్‌లో కెమెరాలు బిగించే అతను ఇల్లు చూసి నాలుగు 2 మెగాపిక్సెల్ కెమెరాలు, డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె), 1 టీబీ హార్డ్‌డిస్క్, వైరింగ్ అంతా కలిపి 22 వేలు చెప్పాడు. ఏది నయం? "మీ అవసరాన్ని బట్టి" అని మాత్రం అనకండి, ఆ మాట చెప్పేవాళ్ళు ఇంట్లోనే బోలెడుమంది ఉన్నారు.

డీసీ పిన్:
కరీంనగర్‌లో నా పనే ఇది, కాబట్టి నా మాటను ఆ లెక్కలోనే తీసుకో చెల్లీ. వైరింగే.

వైఫై అంటే వైరు ఉండదనుకుంటారు. మరి కరెంటు? గేటు స్తంభం మీద ప్లగ్ పాయింట్ ఉందా? అడాప్టర్ కోసం ఎక్స్‌టెన్షన్ వైరు లాగుతారు, వానకు తడవకుండా దానికో పాలిథిన్ కవరు చుడతారు. ఎలాగూ వైరు లాగాక వీడియో కూడా అందులోంచే తెచ్చుకుంటే పోలా? పైగా రౌటర్ హాల్లో టీవీ పక్కన ఉంటుంది. రెండు గోడలు దాటి గేటు దగ్గరికి చేరేసరికి సిగ్నల్ ఒక్క గీత.

ఇంకోటి. రికార్డింగ్ కెమెరాలోని కార్డులోనే ఉంటే, దొంగ కెమెరా పీక్కుపోయిన రోజు సాక్ష్యం కూడా వాడి జేబులోనే పోతుంది. డీవీఆర్ అటక మీద ఉంటుంది, వెతికి తీసేంత టైమ్ వాడికి ఉండదు.

చెట్టుకింద సర్వర్:
అన్నా, అటక మీద ఉన్న ఆ డీవీఆర్‌ను ఎవరు చూస్తారు? మీరు బిగించి వచ్చాక దాని మొహం చూసేవాళ్ళు ఉండరు. హార్డ్‌డిస్క్ చచ్చిపోయినా లైవ్ బొమ్మ మాత్రం చక్కగా వస్తూనే ఉంటుంది, అందుకే ఎవరికీ తెలియదు. దొంగతనం జరిగాక ప్లేబ్యాక్ నొక్కితే ఖాళీ. పల్లెల్లో ఇది ఎన్ని ఇళ్ళలో జరిగిందో మీకే బాగా తెలిసి ఉంటుంది. డాలస్‌లో ఉన్న కొడుక్కి కావాల్సింది రేపు చూసుకునే రికార్డింగ్ కాదు, గేటు దూకిన నిమిషంలో ఫోన్‌కు వచ్చే అలర్ట్. అక్కడ పగలైనప్పుడే ఇక్కడ రాత్రి, అతను మేలుకునే ఉంటాడు.

పాస్‌వర్డుల సంగతి కూడా చెప్పుకుందాం. ఊరంతా బిగించిన డీవీఆర్‌లకు ఒకటే పాస్‌వర్డు, అదీ బిగించినతని ఫోన్ నంబరో, అడ్మిన్ 123 నో. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇలా ఫ్యాక్టరీ పాస్‌వర్డులతో వదిలేసిన కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి దూరింది. ఆ అక్టోబర్ 21న వాటన్నిటినీ కూడగట్టి డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ (వెబ్‌సైట్ పేరు కొడితే దాని అడ్రసు వెతికిపెట్టేది) మీద దాడి చేస్తే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటలకొద్దీ తెరుచుకోలేదు.

డీసీ పిన్:
పాస్‌వర్డు మార్చకపోతే అది బిగించినవాడి తప్పు, వైరు తప్పు కాదు. నీ వైఫై కెమెరాకు ఆ గతి పట్టదా? ఇక అలర్ట్ అంటావా, మా ఏరియాలో వానాకాలం కరెంటు పోతే రౌటర్ ముందు పోతుంది. అలర్ట్ ఎవరు పంపుతారు, వరుణదేవుడా?

చెట్టుకింద సర్వర్:
రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది. దానికీ గొడవేనా.

డీసీ పిన్:
రౌటర్‌కు సరే. నాలుగు చోట్ల నాలుగు అడాప్టర్లకు?

పిక్సెల్ పంతులు:
వైరు గురించి ఇంత కొట్లాట జరుగుతోంది గానీ లెన్స్ ఏమిటని ఒక్కరూ అడగలేదు. మల్లెపందిరి గారూ, ఆ కొటేషన్ కాగితం తీసి చూడండి. "2 ఎంపీ" అని ఉంటుంది, లెన్స్ 2.8నా, 3.6నా, 6 మిల్లీమీటర్లా అని ఉండదు. చాలామంది అన్నిటికీ 2.8 బిగించేస్తారు, ఎందుకంటే టీవీలో చూపిస్తే వీధి మొత్తం కనబడి ఇంటాయన సంతోషిస్తాడు.

లెక్క చూడండి. ముక్కూ మొహం తెలియని మనిషిని ఫలానావాడు అని గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్ళు ఉండాలని సీసీ కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 (2014) చెప్పింది. 2 మెగాపిక్సెల్ బొమ్మ వెడల్పు 1920 పిక్సెళ్ళు. అంటే మొహం గుర్తుపట్టాలంటే ఆ కెమెరాకు కనబడే వెడల్పు దాదాపు ఏడున్నర మీటర్లు దాటకూడదు. 2.8 లెన్స్ అడ్డంగా 105 డిగ్రీల దాకా చూస్తుంది కాబట్టి మూడు మీటర్ల దూరానికే ఆ వెడల్పు దాటిపోతుంది. మూడు మీటర్లంటే పది అడుగులు! మీ వరండా నుంచి గేటు ముప్పై అడుగులు. ఎవడో ఒకడు వచ్చాడని తెలుస్తుంది, ఎవడో తెలియదు. అదే 6 మిల్లీమీటర్ల లెన్స్ చూసేది 50 డిగ్రీలే, మొహం మాత్రం ఎనిమిది మీటర్ల దాకా దక్కుతుంది. మీ ఇంటికి దాదాపు సరిపోయింది. గేటుకు 6, సందుకు 2.8 అడగండి. 4 మెగాపిక్సెల్ తీసుకుంటే ఇంకొంచెం వెసులుబాటు.

ఎత్తు ఇంకో తలనొప్పి. పన్నెండు అడుగుల మీద స్లాబు కింద బిగిస్తారు. అక్కడినుంచి కనబడేది టోపీ, బట్టతల. ఎనిమిది అడుగులకు దించితే మొహం వస్తుంది.

కోతుల బాధితుడు:
పంతులు గారూ, మీరు ఏ ఊళ్ళో ఉంటారో గానీ ఎనిమిది అడుగుల్లో పెడితే మా ధర్మపురి వైపు కోతులు దానిమీద కూర్చుని ఊగుతాయి. మాకు రెండు బుల్లెట్ కెమెరాలు (గొట్టంలా ఉండేవి) ఆకాశం వైపు తిరిగి ఉంటాయి, నెలకోసారి కర్రతో సరిచేసుకుంటాం. వైఫై దానికి యాంటెన్నా కూడా ఉంటుంది, అది వాటికి ఆటవస్తువు. పిట్టగోడ మీద వైరు బయట వేలాడిందంటే తెల్లారేసరికి తెగుతుంది. పీవీసీ పైపులోంచి లాగించండి, గోడకు అంటుకునే గుండ్రటి డోమ్ కెమెరా పెట్టండి.

పిక్సెల్ పంతులు:
డోమ్ మంచి మాటే. కాకపోతే రాత్రిపూట కెమెరా వేసే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) వెలుగు సజ్జకో, తెల్లసున్నం గోడకో తగిలి వెనక్కి కొడితే బొమ్మంతా పొగమంచే. సాలెపురుగులు సరేసరి, ఆ వెలుగుకు పురుగులొస్తాయి, పురుగుల కోసం అవి లెన్స్ ముందే గూడు కడతాయి. అర్ధరాత్రి తెల్లటి తాడొకటి తెర మీద ఊగుతూ ఉంటుంది, అది ఊగినప్పుడల్లా డాలస్‌లో ఫోన్ మోగుతుంది. చెట్టుకింద తమ్ముడు చెప్పిన అలర్టుల్లో సగం ఇవే. వారానికోసారి బూజుకర్ర తప్పదు.

చెట్టుకింద సర్వర్:
మనిషిని, బండిని వేరుచేసి గుర్తుపట్టే కెమెరాలు వచ్చాయి గురువుగారూ. ఉత్త మోషన్ అలర్ట్ పెట్టుకోవడం మానేసి చాలా రోజులైంది.

గోలీసోడా:
సోలార్ ప్యానెల్, బ్యాటరీతో వచ్చే కెమెరా పెడితే వైరు గొడవే ఉండదు కదా?

డీసీ పిన్:
పొలం దగ్గర మోటారుకు పర్లేదు, ఇంటికి వద్దు. బ్యాటరీ మిగుల్చుకోవడానికి ఎప్పుడూ పడుకునే ఉంటుంది. ఎవరైనా కదిలితే లేచి రికార్డు చేస్తుంది. అది లేచేసరికి వచ్చినవాడు వీపు చూపిస్తుంటాడు.

గోలీసోడా:
ఇంకోటి, 30 రోజుల రికార్డింగ్ ఉండాలని రూల్ కదా? 1 టీబీ చాలుతుందా?

నల్లకోటు:
ఆ రూలు ఇళ్ళకు కాదు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజాభద్రత చట్టం ఒకేసారి వందమంది, అంతకుమించి చేరే చోట్లకు వర్తిస్తుంది: షాపింగ్ మాళ్ళు, ఆసుపత్రులు, కాలేజీలు, గుళ్ళు. వాళ్ళు 30 రోజులు దాచాలి. ఇంటికి ఎన్నిరోజులు దాచుకుంటారో మీ ఇష్టం.

సాక్ష్యం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. వాట్సాప్‌లో తిరిగే క్లిప్‌తో పోలీసులు మనిషిని వెతకొచ్చు, కోర్టులో నిలబడటానికి అది చాలదు. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 అమల్లో ఉంది, పాత ఎవిడెన్స్ యాక్ట్ 65బి స్థానంలో వచ్చింది. కాపీతో పాటు సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటిది) కూడా రాయాలి. డీవీఆర్ అయినా, మెమరీ కార్డు అయినా ఒకటే. ఒరిజినల్ చెరిగిపోకముందే తీసి పెట్టుకోవడం ముఖ్యం. గడియారం కూడా చూసుకోండి. రికార్డింగ్ మీద తేదీ 2000 జనవరి 1 అని పడుతుంటే అవతలి లాయరు పండగ చేసుకుంటాడు.

డీసీ పిన్:
స్టోరేజీ సంగతి నేను చెప్తా. హెచ్.265లో (వీడియోను కుదించే పద్ధతి) సెకనుకు 2 మెగాబిట్లు పెడితే ఒక్కో కెమెరాకు రోజుకు 21 జీబీ పైనే. నాలుగిటికి 86 జీబీ. 1 టీబీ అంటే పదీ పదకొండు రోజులు. ఊరెళ్ళి పదిహేను రోజులకు తిరిగొచ్చేవాళ్ళయితే 2 టీబీ వేయించుకోండి, అదీ సీసీ కెమెరాల కోసం తయారుచేసిన డిస్క్. పాత కంప్యూటర్‌లోంచి ఊడదీసింది వేసి బిల్లులో కొత్తదని రాసేవాళ్ళున్నారు.

మల్లెపందిరి:
అందరికీ థాంక్స్. ఇప్పుడు అసలు చిక్కు. తమ్ముడు నాలుగో కెమెరా హాల్లో పెట్టాలంటున్నాడు. నాన్నకు షుగర్, ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడితే తెలుస్తుందని. నాన్న ఫోన్‌లో ఒకటే అడిగారు: "నేను పంచె సర్దుకున్నా మీకు కనబడుతుందా?"

చెట్టుకింద సర్వర్:
తమ్ముడి వైపే నేను. మా పెద్దమ్మ వంటింటి గుమ్మంలో పడిపోతే హాలు కెమెరాలో చూసి పక్కింటివాళ్ళను పంపించాం. మొహమాటం కన్నా ప్రాణం ముఖ్యం.

రిటైర్డ్ టీచరమ్మ:
బాబూ, మీ పెద్దమ్మ గారు బాగుండాలి. నాకు డెబ్బై దాటాయి, మా పిల్లలు హాల్లో కెమెరా పెట్టారు. మొదట్లో బాగానే ఉంది. తర్వాత కోడలు ఫోన్ చేసి "మధ్యాహ్నం అంతసేపు పడుకున్నారేంటి అత్తయ్యా" అంది. ఆ అమ్మాయి ప్రేమగానే అడిగింది. కానీ ఆ రోజు నుంచి నేను హాల్లో పడుకోవడం మానేశాను, ఫ్యాను సరిగా తిరగని లోపలి గదిలో పడుకుంటున్నాను. పనిమనిషి కూడా హాలు ఊడ్చేటప్పుడు పైకి చూస్తూ ఊడుస్తుంది. దొంగ కోసం పెట్టిన కెమెరాలో ఇన్నాళ్ళుగా కనబడింది మేమిద్దరమే. పడిపోతే తెలియాలంటే మెళ్ళో వేసుకునే బటన్ ఉంటుంది, పొద్దునా సాయంత్రం ఫోన్ ఉంటుంది. నాన్నగారు వద్దంటే వద్దనే అర్థం అమ్మా.

నల్లకోటు:
టీచర్ గారి మాటకు కోర్టు మాట తోడు. ఇంట్లో కలిసి ఉండేవాళ్ళ అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపడం వాళ్ళ ప్రైవసీకి భంగమని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. అది ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ముల తగాదాలో వచ్చింది, నిజమే. అయినా ఇల్లు మీ నాన్నగారిది. అన్నట్టు, గేటు కెమెరా ఎదురింటి గుమ్మంలోకి చూడకుండా తిప్పించండి. సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, ఆ భాగం నల్లగా కప్పేయొచ్చు.

చెట్టుకింద సర్వర్:
బటన్ మెళ్ళో వేసుకునే పెద్దవాళ్ళను నేనింకా చూడలేదు టీచర్ గారూ, దేవుడి గూట్లో పెడతారు. కానీ నాన్నగారు వద్దన్నాక నేను మాట్లాడేది లేదు. మైకు మాత్రం వరండా కెమెరాలో కూడా ఆపేయండి. వరండాలో జనం ఏం మాట్లాడుకుంటారో మనందరికీ తెలుసు.

పిక్సెల్ పంతులు:
డీవీఆర్, వైఫై రెండూ వదిలేసి పీవోఈ ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ కేబుల్‌తో నడిచేవి) చూడండి మల్లెపందిరి గారూ. ఒకే క్యాట్6 కేబుల్‌లో కరెంటూ వీడియో రెండూ వెళ్తాయి, వంద మీటర్ల దాకా ఇబ్బంది లేదు. వీటి రికార్డింగ్ పెట్టెను ఎన్‌వీఆర్ అంటారు. ఎన్‌వీఆర్‌నూ రౌటర్‌నూ ఇంట్లో ఇన్వర్టర్ లైన్ మీద పెడితే కరెంటు పోయినా నాలుగు కెమెరాలూ నడుస్తాయి, తమ్ముడికి అలర్టూ వెళ్తుంది. డిస్క్ పాడైతే ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా సెట్టింగు ఉంటుంది, ఆన్ చేయించండి. గేటు కెమెరాలో ఒక మెమరీ కార్డు కూడా వేస్తే ఎన్‌వీఆర్ పోయినా ఒక కాపీ ఉంటుంది.

డీసీ పిన్:
పంతులు గారితో ఇక్కడ నాకు పేచీ. మొదట చెప్పిన డీవీఆర్ (అనలాగ్) కిట్ కంటే ఖర్చు పెరుగుతుంది, ఆ ఊళ్ళో ఏదైనా పాడైతే ఐపీ సెట్టింగులు తెలిసినవాడు దొరకడు. అనలాగ్ కెమెరాల త్రీ ప్లస్ వన్ కేబుల్, దాని బీఎన్‌సీ పిన్ను అయితే టీవీ మెకానిక్ కూడా సరిచేస్తాడు. 6 లెన్స్ అనలాగ్‌లోనూ దొరుకుతుంది.

ఐపీనే తీసుకుంటానంటే రెండు చూసుకో చెల్లీ. కేబుల్ నిఖార్సైన రాగిదే అని బిల్లులో రాయించుకో. అల్యూమినియం తీగకు రాగి పూత పూసింది సగం రేటుకే వస్తుంది, పొడుగు ఎక్కువైతే రాత్రి ఐఆర్ వెలగగానే కెమెరా ఆఫ్ అయి ఆన్ అవుతూ ఉంటుంది. రెండోది, 2025 ఏప్రిల్ 9 నుంచి కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ పెట్టిన భద్రతా పరీక్షలు పాసైన కెమెరాలనే దేశంలో అమ్మాలి. ఎస్‌టీక్యూసీ (ఆ శాఖ పరీక్షా సంస్థ) అని అడిగితే మోడల్ నంబరుతో కాగితం చూపిస్తారు. పాత సరుకు తక్కువకు అంటగట్టేవాళ్ళు గట్టిగా తిరుగుతున్నారు.

మల్లెపందిరి:
తమ్ముడితో మాట్లాడాను. పీవోఈ కెమెరాలు మూడు: గేటుకు 6 లెన్స్, సందుకూ పెరటికీ 2.8. హాల్లో ఏమీ లేదు, ఆ డబ్బుతో 2 టీబీ డిస్క్. అడ్మిన్ పాస్‌వర్డు నా దగ్గర, తమ్ముడికి వేరే లాగిన్. నాన్న ఫోన్‌లో కూడా యాప్ వేయమన్నారు, ఎదురుగా ఎవరొచ్చారో ఆయనే చూసుకుంటారట. పెరటి కెమెరా మోటారు స్టార్టర్ డబ్బా వైపు తిప్పాలా, వెనక తలుపు వైపా అన్నది ఇంకా తేలలేదు.

కోతుల బాధితుడు:
తలుపు వైపు. డబ్బా వైపు తిప్పితే మీకు రోజూ కనబడేది మా బంధువులే.

డీసీ పిన్:
డబ్బా వైపే తిప్పు చెల్లీ. దొంగ తలుపు దాకా రావాలన్నా ఆ పక్కనుంచే రావాలి, పైగా పెరట్లో ముందు పోయేది మోటారు కేబులే.